సీరియలా, సిరీసా? గరిటె పట్టుకుని చూసేవాళ్లకు ఏది మేలు?

టీవీ ముందు కదలకుండా గంటసేపు కూర్చునే యోగం నాకు లేదు. గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో హాలుకీ వంటింటికీ మధ్య తలుపు లేదు. ఒక కన్ను పప్పుచారు మీద, ఇంకో కన్ను కథ మీద. కుక్కర్ విజిల్ వేస్తే ఒక డైలాగు పోతుంది, గేటు దగ్గర ఎవరైనా పిలిస్తే ఒక సీను పోతుంది. అందుకని నటన, కెమెరా పనితనం లాంటి పెద్ద మాటల జోలికి పోను. నాకు కావలసింది ఒక్కటే. మధ్యలో లేచి వెళ్లి వచ్చి కూర్చుంటే కథ మళ్లీ అందాలి.

ఈ పరీక్షలో డైలీ సీరియల్‌ని కొట్టేది లేదు. మా అత్తగారు చూసే పద్ధతి గమనిస్తే ఎందుకో తెలుస్తుంది. ఎండాకాలం మొదట్లో ఏడాదికి సరిపడా కారం ఆడించుకోవడానికి మిరపకాయలు తెస్తాం. ఆవిడ చేతులకు కొబ్బరినూనె రాసుకుని, చేట ముందు పెట్టుకుని తొడిమలు తీస్తూ కూర్చుంటారు. కళ్లు కాయల మీదే. ఢామ్మని సౌండు వచ్చి కెమెరా ఒకే మొహం మీదికి మూడుసార్లు దూకినప్పుడు మాత్రం తలెత్తుతారు. 'దీనికి పోయేకాలం వచ్చింది' అని విలన్‌ని ఒక మాట అనేసి మళ్లీ తొడిమల్లో పడతారు. కథలో ఒక్క ముక్క పోదు. తీసేవాళ్లకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. పాత్రలు మనసులో అనుకునేది కూడా బయటికి వినపడేలా పెట్టేది అందుకే. సీరియల్ చెవులతో చూసేది.

ఆ సౌకర్యానికి మూల్యం కూడా ఉంది. 'కార్తీక దీపం' 2017లో మొదలై 2023 జనవరి దాకా నడిచింది. హీరో డాక్టర్ బాబు తనకు పిల్లలు పుట్టరన్న తప్పుడు రిపోర్టు నమ్మి భార్య వంటలక్కను ఏళ్ల తరబడి అనుమానించాడు. ఇంకో ల్యాబులో చూపించుకోవచ్చు కదా! మా ఊరి కొత్తపేటకు వస్తే సందుకో ల్యాబు. ఆ ఒక్క టెస్టు చేయిస్తే కథ అయిపోతుంది, చేయించరు. అయినా జనం వదల్లేదంటే ఆ ఘనత వంటలక్కగా వేసిన ప్రేమి విశ్వనాథ్‌ది. మలయాళ మూలం 'కరుత్తముత్తు'లోనూ మొదట ఆ పాత్ర వేసింది ఆవిడే. మాట లేకుండా నిలబడి చూస్తే చాలు, మా వీధిలో సగం మందికి కళ్లు చెమర్చేవి. ఐపీఎల్ రోజుల్లో మాత్రం ఇంట్లో యుద్ధమే. మ్యాచ్ మొదలయ్యేదీ రాత్రి 7:30కే, సీరియల్ వచ్చేదీ అప్పుడే. రిమోట్ ఎప్పుడూ అత్తగారికే దక్కేది. మా ఆయన ఫోన్లో స్కోరు చూసుకునేవారు.

అంతకుముందు మంజులా నాయుడు తీసిన సీరియల్స్ కూడా ఏళ్లకేళ్లు నడిచినవే. దూరదర్శన్‌లో 'ఋతురాగాలు', తర్వాత జెమినీలో 'చక్రవాకం', 'మొగలిరేకులు'. కాకపోతే వాటిలో కథ ఎంతోకొంత ముందుకు జరిగేది.

నన్నడిగితే 'అమృతం' ఒక మెట్టు పైనుంటుంది. 2001 నుంచి 2007 దాకా జెమినీలో ఆదివారం రాత్రి 8:30కి వచ్చేది. మొత్తం 313 ఎపిసోడ్లు. గుణ్ణం గంగరాజు నిర్మాణం. కూర్చుని చూసినా నవ్వొస్తుంది, వంటింట్లోంచి విన్నా నవ్వొస్తుంది. ఏ ఎపిసోడ్ గొడవ ఆ ఎపిసోడ్‌లో తేలిపోతుంది కాబట్టి పోయినవారానిది గుర్తుండాల్సిన పని లేదు. హీరో అమృతానికి డబ్బు సంపాదించే ఐడియా ఒకటి తడుతుంది, స్నేహితుడు ఆంజనేయులు వద్దంటూనే దిగుతాడు, వాళ్ల హోటల్లో పనిచేసే సర్వం ఇంకాస్త చెడగొడతాడు, చివర్లో ఇంటి ఓనరు అప్పాజీ వచ్చి అరుస్తాడు. ఇంతే. హీరో పాత్రకు శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ అని ముగ్గురు మారినా చూడటం ఎవరూ మానలేదు. హీరో మారితే సినిమా పోతుందంటారే, ఇక్కడ ఏమీ కాలేదు. అసలు బరువంతా ఆంజనేయులు మోశాడు మరి. ఆ పాత్ర వేసిన గుండు హనుమంతరావు బెజవాడ మనిషి. ఆయన విసుక్కునే తీరు మన బస్టాండుల్లో, కిళ్లీకొట్ల దగ్గర రోజూ వినపడేదే. 2018లో ఆయన పోయాక కూడా ఆ ఎపిసోడ్లు యూట్యూబ్‌లో తిరుగుతూనే ఉన్నాయి.

ఇక ఇంగ్లీషు సిరీస్‌లు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మా మరిది 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' చూడమని ప్రాణం తీశాడు. "మొదటి నాలుగు ఎపిసోడ్లు ఓపిక పట్టు వదినా, తర్వాత ఆపలేవు" అన్నాడు. నాలుగు గంటలు ముందే అప్పిచ్చి, తర్వాత వడ్డీ వస్తుందని ఎదురుచూడాలన్నమాట! 8 సీజన్లు, 73 ఎపిసోడ్లు. ఎవరు ఏ వంశమో, ఎవరి మీద ఎవరికి పగో కాగితం మీద రాసుకోవాలి. పైగా అత్తగారు హాల్లో ఉండగా పెట్టే సరుకు కాదది. చివరి సీజన్‌లో రాత్రిపూట జరిగే పెద్ద యుద్ధం ఉంది చూడండి, అంతా చీకటే. ఏమీ కనపడలేదని 2019లో ప్రపంచమంతా గోల పెట్టింది. కిటికీలు తెరిచి ఉన్న మా హాల్లో మధ్యాహ్నం పెడితే టీవీలో మా మొహాలే కనిపించాయి.

దానితో పోలిస్తే 'బ్రేకింగ్ బ్యాడ్' నయం. అదీ చిన్నదేం కాదు, 62 ఎపిసోడ్లు. అయితే పట్టుకోవాల్సిన మనిషి ఒక్కడే. కెమిస్ట్రీ చెప్పుకునే మాస్టారు, జబ్బు చేసిందని తెలిశాక మత్తుమందు తయారీకి దిగుతాడు. అడ్డరోడ్డుకో కెమిస్ట్రీ లెక్చరర్ ఉండే మా పేటలో ఈ కథ ఎవరికైనా ఇట్టే ఎక్కుతుంది. మొదటి సీజన్ ఏడే ఎపిసోడ్లు. నచ్చకపోతే అక్కడ ఆపేయొచ్చు. నేను అక్కడే ఆపాను, చూసినంతలో బాగుంది.

'చెర్నోబిల్' దగ్గర మాత్రం నా పరీక్ష పక్కన పెట్టక తప్పలేదు. గరిటె పట్టుకుని చూసేది కాదది. పొయ్యి ఆర్పి కూర్చోవాలి. ఐదే ఎపిసోడ్లు కాబట్టి కూర్చోగలిగాను. 1986 ఏప్రిల్ 26న సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్ అణు విద్యుత్ కేంద్రంలో రియాక్టర్ పేలిపోయింది. ఎందుకు పేలిందో చివరి ఎపిసోడ్‌లో కోర్టు హాల్లో చెబుతారు. చెప్పే శాస్త్రవేత్త చేతిలో ఎర్ర అట్టముక్కలు, నీలం అట్టముక్కలు. రియాక్టర్ వేగాన్ని పెంచేవి ఎర్రవి, తగ్గించేవి నీలంవి. ఒక్కొక్కటీ బోర్డు మీద పెడుతూ, తీస్తూ పోతాడు. నీలంవి ఒక్కొక్కటే పోతుంటే కడుపులో తిప్పినట్టయింది. ఫిజిక్స్ అంటే పారిపోయే నాకు కూడా విషయం పూర్తిగా అర్థమైంది. తెలుగు మాత్రమే వచ్చినవాళ్లకు పక్కన కూర్చుని చెప్పేవాళ్లు కావాలి, అదొక్కటే ఇబ్బంది.

ఆ ఇబ్బంది సంగతే 'పంచాయత్', 'శివరపల్లి' మధ్య తేల్చాల్సింది. 2020లో హిందీలో వచ్చిన దాన్నే 2025 జనవరిలో తెలుగులో చేశారు. ఇష్టం లేని పంచాయతీ సెక్రటరీ ఉద్యోగానికి పట్నం కుర్రాడు పల్లెటూరు వెళ్తాడు. ఆఫీసు తాళంచెవి కనపడకపోవడం మీదే ఒక ఎపిసోడ్ నడిపేశారంటే ఆ ధైర్యానికి దండం పెట్టాలి. సర్పంచ్‌గా గెలిచింది భార్య, పెత్తనం భర్తది. మన పల్లెల్లో తెలియనిదా ఇది? హిందీలో ఆ భర్తగా వేసిన రఘువీర్ యాదవ్ మాట ఆపి చూసే చూపులోనే సగం హాస్యం ఉంది. తెలుగులో అంత ఓపిక లేదు, జోకు వెంటనే ఇంకో జోకు వచ్చి పడుతుంది. నేనొక్కదాన్నే చూసేటట్టయితే హిందీదే పెట్టుకుంటా. ఇంటిల్లిపాదీ చూడాలంటే రెండో ఆలోచన లేదు, 'శివరపల్లి'నే. అందులోది తెలంగాణ యాస. మా వాళ్లకు మొదట కాస్త కొత్తగా అనిపించినా అరగంటలో అలవాటైపోయింది. నేను మధ్యలో లేచి వెళ్లినా ఏం జరిగిందో అత్తగారే చెప్పారు. హిందీది పెడితే ఆ పని నేను ఆవిడకు చేయాలి.

హిందీది నాలుగో సీజన్‌కు వచ్చేసరికి ఎన్నికలు, కక్షలు ఎక్కువై తాళంచెవి రోజుల సరదా పలచబడింది. తెలుగువాళ్లు ముందుకెళ్తే అక్కడి దాకా పోకుండా ఉంటే బాగుండు. ఇంకుడు గుంత బిల్లు, వీధిలైటు కోసం పోట్లాట, రేషన్ కార్డులో తప్పు పడ్డ పేరు, ఇలాంటివి మన ఊళ్లలో ఇంకో పది సీజన్లకు సరిపడా ఉన్నాయి.