స్టాంపు చూసుకున్నాకే సూట్‌కేసు

బందరు రోడ్డులో ఏ ట్రావెల్స్ బోర్డు చూసినా బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్ పేర్లే. హోటల్‌కి ఎన్ని స్టార్లు, పొద్దున టిఫిన్‌లో ఇడ్లీ ఉంటుందా లేదా, అన్నీ చెబుతారు. పాస్‌పోర్టులో పడే స్టాంపు గురించి మాత్రం ఎవరూ నోరెత్తరు. మేం ప్యాకేజీ తీసుకోకుండా, నేను, మా ఆవిడ, అత్తయ్యగారు కలిసి ఈ మూడూ చుట్టొచ్చాం. నన్నడిగితే హోటల్ నచ్చకపోతే మార్చుకోవచ్చు గానీ, స్టాంపు తప్పు పడితే అంత తేలిగ్గా తెమలదు.

ఆ సంగతి అంతకుముందు ఇంకో దేశం వెళ్లినప్పుడే తెలిసింది. పేరెందుకులెండి. అత్తయ్యగారి స్టాంపులో దిగిన తేదీ సరిగ్గానే పడింది. ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే తేదీలో మాత్రం నెల వెనక్కి పోయింది. ఆ లెక్కన ఆవిడ విమానం దిగకముందే గడువు దాటేశారు! సామాన్ల బెల్టు దగ్గర నిలబడి మా ఆవిడ కళ్లజోడు పైకెత్తి చూసింది కాబట్టి దొరికింది. వెనక్కి ఇమిగ్రేషన్ కౌంటర్‌కి వెళ్తుంటే సెక్యూరిటీ అతను చెయ్యి అడ్డం పెట్టాడు. బోర్డింగ్ పాస్, స్టాంపు పక్కపక్కన పెట్టి చూపిస్తే పంపించాడు. పై అధికారి కంప్యూటర్ చూశాడు. అందులో తేదీ కరెక్టే, తప్పు సిరాలోనే. పాత స్టాంపు కొట్టేసి, సంతకం పెట్టి, పక్కన కొత్తది వేశాడు. కాసేపటి పని. అత్తయ్యగారి బాధల్లా పేజీ పాడైందనే.

అదే ఊళ్లోకి వెళ్లిపోయాక చూసుకుంటే ఇమిగ్రేషన్ ఆఫీసు వెతుక్కోవాలి, ఒక రోజు పోతుంది. తిరుగు ప్రయాణం రాత్రి బయటపడితే ఇక టెన్షనే. మన ఎంబసీ కూడా వేరే దేశం స్టాంపును దిద్దలేదు. వేసినవాళ్లే సరిచేయాలి. పెన్నుతో మనమే అంకె దిద్దితే 1967 పాస్‌పోర్టు చట్టం ప్రకారం నేరం.

ఇక ఈసారి సంగతి. రాత్రి బస్సెక్కి ఎల్బీ నగర్‌లో దిగి, క్యాబ్‌లో శంషాబాద్ చేరాం. సామాన్లు ఎక్కువుంటే కారే నయం.

బ్యాంకాక్‌లో ప్రతునాం వైపు ఉన్నాం. బట్టల హోల్‌సేల్ మార్కెట్ పక్కనే, మన తిండి దొరుకుతుంది, ఎయిర్‌పోర్టు రైలు దగ్గరే. రాత్రిళ్లు గోల ఎక్కువ. నిద్ర ముఖ్యమైతే అక్కడొద్దు. థాయ్‌లాండ్ 2024 జూలైలో మనకు వీసా లేకుండా 60 రోజులు ఇచ్చింది. అయితే దిగిన రోజే ఒకటో రోజు. ఇలాంటి రూల్స్ మారుతుంటాయి కాబట్టి మీకు ఎన్ని రోజులున్నాయో స్టాంపులో తేదీ చూసే తేల్చుకోండి. గడువు దాటితే రోజుకు 500 బాత్, గరిష్ఠంగా 20,000 బాత్ జరిమానా. అక్కడ హోటల్ వాళ్లు విదేశీయుల వివరాలు ఇమిగ్రేషన్‌కి పంపాలి కాబట్టి పాస్‌పోర్టు తీసుకుంటారు, కంగారు పడక్కర్లేదు.

కౌలాలంపూర్‌లో బ్రిక్‌ఫీల్డ్స్ నాకు బాగా నచ్చింది. కేఎల్ సెంట్రల్ స్టేషన్ నడిచే దూరం. మురుగన్ గుడి ఉన్న బతు కేవ్స్‌కి రైలు అక్కడి నుంచే. మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. స్టాంపు కౌంటర్ వదిలి పక్కకు జరగ్గానే చూసుకున్నాం, ముగ్గురివీ ఒకరివి ఒకరం. ఎవరిది వాళ్లు చూసుకుంటే కన్ను జారిపోతుంది.

సింగపూర్‌లో గదులు అగ్గిపెట్టెలంత, రేట్లేమో ఆకాశంలో. రెండు రాత్రులు చాలు. అక్కడ 2020 డిసెంబరు 22 నుంచి విదేశీయులకు సిరా స్టాంపే లేదు. ఎన్నాళ్లుండొచ్చో ఈ-పాస్‌గా మెయిల్‌కి వస్తుంది. స్టాంపు గొడవ లేదని మురిసిపోకండి. మెయిల్ తెరిచి పాస్‌పోర్టు నంబరు, తేదీ సరిపోల్చుకోవాలి. దిగేముందు ఆన్‌లైన్‌లో మన వివరాలు నింపే ఎరైవల్ కార్డు ఏజెంటు నింపితే, తన మెయిలే ఇచ్చేస్తే ఆ పాస్ మీ ఫోన్‌కి రాదు. ఇమిగ్రేషన్ సైట్‌లో వెతుక్కోవాల్సిందే. సింగపూర్ కార్డు, 2025 మే నుంచి థాయ్‌లాండ్ అడుగుతున్న డిజిటల్ కార్డు రెండూ ఉచితమే. దిగే ముందు మూడు రోజుల్లోపు మనమే నింపుకోవచ్చు. మనిషికింత అని ఎవరైనా డబ్బులడిగితే, దేనికని నిలదీయండి.