బావిని బాగుచేయించాలా, బోరు వేయించాలా, ఆర్వో పెట్టించాలా?

నాట్లు అయిపోయి మందులు కొట్టే రోజులొచ్చాయంటే నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు వాళ్ళు అడిగేది ఇదే. ఇల్లు పొలం పక్కనే, తాగేది బావి నీళ్ళే, మరి ఎరువులూ పురుగుమందులూ అందులో దిగకుండా ఏం చేయాలి?

ఆర్వో సంగతి ముందే చెప్పేస్తా. ఎరువుల్లోంచి దిగే నైట్రేట్‌నీ, ఫ్లోరైడ్‌నీ చాలావరకు తీసేస్తుంది, కాదనను. కానీ దానివల్ల శుభ్రపడేది బిందెలో నీళ్ళే, బావి కాదు, గేదెలు తాగేదీ ఆ బావి నీళ్ళే కదా. కనిగిరి వైపు ఫ్లోరైడ్ రాతిలోంచే వస్తుంది కాబట్టి అక్కడ ఆర్వో లాంటిది తప్పదు. కాచుకు తాగితే చాలనుకోకండి, క్రిములు చస్తాయి గానీ నైట్రేట్ పోదు, నీళ్ళు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. బ్లీచింగ్ పౌడరూ క్రిములకే.

ఇక బోరు. లోతుకు పోతే మంచి నీళ్ళు పడతాయన్నదాంట్లో కొంత నిజం ఉంది, కానీ సముద్రం దగ్గరి ఊళ్ళలో ఉప్పునీళ్ళు తగిలే భయమూ ఉంది. పైగా కేసింగ్ పైపుకీ తవ్విన రంధ్రానికీ మధ్య సందు మిగులుతుంది, దాన్ని వట్టి మట్టితో నింపేసి వెళ్ళిపోతే పొలం మీది నీళ్ళు పైపు వెంబడే కిందికి జారతాయి. బోరు లారీ ఇంకా అక్కడ ఉండగానే ఆ సందు పైభాగాన్ని సిమెంటు పాలతో మూయించుకోండి. బోరు పడింది కదా అని పాత బావిని చెత్తగుంత చేశారో, ఆ చెత్తలోని విషం నేరుగా భూగర్భ జలంలో కలిసినట్టే.

నా మొగ్గు బావి వైపే. పై వరల అతుకులు సిమెంటుతో పూడ్చి, గట్టు ఎత్తు పెంచి, చుట్టూ బయటికి వాలుగా చప్టా పోయించి, మూత పెట్టించండి. అయితే వీటన్నిటికన్నా నేను పట్టుబట్టేది మందు కలిపే చోటు గురించి. మన దగ్గర మోటారు పక్కనే డ్రమ్ము పెట్టి, అందులో మందు పోసి, పైపు కొస ముంచి నీళ్ళు పడతారు. అంతలో కరెంటు పోతుంది. బావిలో పైపు అడుగున నీళ్ళను ఆపే ఫుట్‌వాల్వు లీకైతే పైపులోని నీళ్ళు బావిలోకి వెనక్కి జారుతూ డ్రమ్ములోని మందును కూడా లాక్కుపోతాయి. ఎంత మంచి చప్టా ఉన్నా ఇది ఆగదు. పైపు కొసను డ్రమ్ము అంచుకి జానెడు పైన కట్టండి, నీళ్ళు వెనక్కి పోకుండా లైనులో నాన్ రిటర్న్ వాల్వు వేయించండి, స్ప్రేయరు ట్యాంకు కడిగిన నీళ్ళు బావి దగ్గర పారబోయకండి. ఇసుక నేలలో ఏది ఒలికినా ఇట్టే దిగిపోతుంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పే దూరాలు చూడండి, ఎరువులూ పురుగుమందులూ దాచే, కలిపే చోటు బావికి కనీసం 100 అడుగులు, పేడదిబ్బ అయితే 250 అడుగులు. మన ఇళ్ళ దొడ్లలో అంత జాగా దొరకడం కష్టమే, అందుకే మందు కలపడం పొలం అవతలి గట్టుకి మార్చేయమంటాను. దీనికి ఖర్చు కూడా లేదు.

పని మొదలుపెట్టే ముందు ఒకసారి, అక్టోబరు, నవంబరు వానలు వెలిశాక ఇంకోసారి నీళ్ళు ల్యాబులో ఇచ్చి నైట్రేట్ చూపించుకోండి. మన దేశ ప్రమాణం లీటరుకి 45 మిల్లీగ్రాములు. అది దాటితే పసిపిల్లల పాలపొడిలో ఆ నీళ్ళు కలపొద్దు. పురుగుమందుల పరీక్ష వేరే ఉంటుంది, అది విడిగా అడగాలి.