చీటీలు అయిపోని అట్ట: గేమ్ పెట్టెలతో నా మూడేళ్లు

గ్రాఫిక్స్ గురించి, గన్నుల గురించి చెప్పను. ఆడేవాళ్లకు తెలుసు, ఆడనివాళ్లకు అనవసరం. నా గొడవంతా ఈ ఫోన్ గేమ్‌లోని లూట్ బాక్సులతోనే, అంటే లోపల ఏముందో తెలియకుండా డబ్బు పెట్టి కొనే పెట్టెలతోనే, అందులోనూ పెట్టె తెరిచేటప్పుడు తిరిగే ఆ బొమ్మల పట్టీతో.

మూడేళ్ల కిందట ఇదే గేమ్‌కు ఐదు స్టార్లు ఇచ్చినవాణ్ని నేనే. రెండో పెట్టెలోనే బంగారు రంగు బైకు వచ్చింది. షాపులో అందరికీ చూపించాను, మా బావ చేత కూడా ఇన్‌స్టాల్ చేయించాను. అప్పుడు బైకు రాకపోయి ఉంటే మూడో పెట్టె కొనేవాణ్ని కాదేమో. బావకు ఇరవై పెట్టెల్లో ఏమీ రాలేదు, నెల తిరక్కుండా గేమ్ తీసేశాడు. అదృష్టవంతుడు.

నిరుడు తొలేళ్ల రాత్రి, అంటే పైడితల్లమ్మ సిరిమాను పండగకు ముందు రాత్రి. విజయనగరం అంతా మేలుకునే ఉంది, గంటస్తంభం వైపు అడుగు పెట్టే చోటు లేదు. నేను మాత్రం కాళ్లు నొప్పులని ఇంటికొచ్చి ఫోన్ తీశాను. పండగ బోనస్ అకౌంట్లో ఉంది. గేమ్‌లో కొత్త పెట్టె, మూడు రోజులే దొరుకుతుంది, అందులో ఒక ఎర్ర కోటు. పెట్టెకు 60 రత్నాలు. 89 రూపాయలకు 100 రత్నాలు ఇస్తారు. ఒకటి తెరిస్తే 40 మిగులుతాయి, వాటితో ఏమీ రాదు, ఇంకో 89 కట్టాలి. అదే రూపాయల్లో అడిగితే వంకాయల దగ్గర కూడా బేరమాడే మనిషిని నేను.

పట్టీ గిర్రున తిరుగుతుంది, నెమ్మదిస్తుంది, ఎర్ర కోటు మీద ఆగినట్టే ఆగి ఒక్క గడి ముందుకు జరుగుతుంది. మళ్లీ పాత చొక్కా. ‘అబ్బ, ఒక్క గడి!’ అనిపిస్తుంది. నిజానికి ఏం రావాలో మనం నొక్కగానే తేలిపోతుంది, పట్టీ తిరగడం ఉత్త సోకు. ఆ సంగతి తర్వాత తెలిసింది. పావురం ఎన్నిసార్లు పొడిస్తే గింజ పడుతుందో దానికి తెలియకుండా చేస్తే ఆపకుండా పొడుస్తుందని స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త ఎప్పుడో చూపించాడట. రాత్రి రెండింటికి నేనూ అదే పనిలో ఉన్నాను.

కోటు వచ్చే అవకాశం 1 శాతం అని మూలన రాసే ఉంది. దాచారని అనను. ఇలాంటి శాతాలు చూపించాల్సిందేనని యాపిల్ 2017 చివర్లోనే రూలు పెట్టింది. తప్పు నా లెక్కలో ఉంది, వంద తెరిస్తే ఖాయం అనుకున్నాను. చిన్నప్పుడు మా వీధి కొట్లో లక్కీడ్రా అట్ట వేలాడేది. రూపాయికి ఒక చీటీ చింపుకోవాలి. చింపేకొద్దీ చీటీలు తగ్గేవి, చివరికి పెద్ద బొమ్మ ఎవడికో ఒకడికి దక్కేది. ఇక్కడ చింపిన చీటీని మళ్లీ అతికించేస్తారు. 1 శాతం చొప్పున వంద పెట్టెలు తెరిచినా నూరు మందిలో సుమారు 37 మంది ఉత్త చేతులతోనే మిగులుతారు. నేను తెరిచినవి 41. అంటే కోటు వచ్చే అవకాశం మూడింట ఒక వంతు. రాలేదు.

సిరిమాను అయిన మర్నాడు అమ్మ నా పాస్‌బుక్‌ను ప్రింటింగ్‌కు తీసుకెళ్లింది. మిషన్ గీస్తూనే ఉందట. వరసగా 25 లైన్లు, అన్నీ 89. రూపాయలు 2,225. ‘ఎవడో నీ డబ్బులు కొంచెం కొంచెం లాగేత్తన్నాడ్రా’ అని హడలిపోతూ వచ్చింది. ఆవిడకు చెప్పడానికి నా దగ్గర ఆ కోటు కూడా లేదు.

బెల్జియంలో 2018లోనే డబ్బు పెట్టి కొనే ఇలాంటి పెట్టెలు జూదం కిందికే వస్తాయని తేల్చారు. మన రాష్ట్రంలో 2020లో ఆన్‌లైన్ రమ్మీ ఆపారు, మా చిన్నాన్న అలవాటు అలాగే పోయింది. ఆయన్ని అప్పట్లో ఎగతాళి చేసినవాణ్ని.

గేమ్ తీసెయ్యమని చెప్పలేను, నేనే తియ్యలేదు. ఆడటం ఇప్పటికీ బాగుంటుంది. నాకింకా పెళ్లి కాలేదు, అప్పుల్లేవు, రెండు వేలు పోతే ఆ నెల బిర్యానీ మానుకున్నాను, అంతే. ఇంట్లో ఫీజులు, ఈఎంఐలు ఉన్నవాళ్లకు ఇదే మాట చెప్పను. ఇప్పుడు గేమ్‌కు వేరే అకౌంట్ పెట్టి నెలకు రెండొందలే వేస్తున్నాను. ఫిబ్రవరిలో మాత్రం ఒకసారి మాట తప్పాను.

ఆ రాత్రి మిగిలిన 40 రత్నాలు ఇంకా అలాగే ఉన్నాయి. గేమ్ తెరవగానే పైన కనిపిస్తాయి, పెట్టెకు 20 తక్కువ.