పాత సీడియా ఉన్నోళ్లూ జాగ్రత్త! కొత్త స్ట్రట్లంటూ రంగేసిన తుక్కు అంటగడుతున్నారు

కోపంలో రాస్తున్నా, ఎక్కడైనా మాట తూలితే సర్దుకోండి. పార్టుల గ్రూపుల్లో పొద్దున లేస్తే ‘ఫ్రెష్ స్టాక్, బాక్స్ పీస్’ అని ఫొటోలు పెడుతుంటాడే, ఆయన సంగతే. పేరు రాయను. నెల్లూరు, ఒంగోలు వైపు పాత బండ్లు పెట్టుకున్నోళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

నాది 2008 మిత్సుబిషి సీడియా కారు. ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ అయిపోయాయి. ఆయిల్ కారుతోంది, స్పీడ్ బ్రేకర్ దిగితే టకటక, బ్రేక్ తొక్కితే ముక్కు నేలకి వంగుతోంది. వెంకటాచలం టోల్ దాటి కాస్త స్పీడందుకుంటే స్టీరింగ్ చేతిలో నిలవదు. బండి తయారైంది మన పక్కనే, తిరువళ్లూరులో. కానీ తయారీ ఆగిపోయి ఏళ్లయింది, కొత్త స్ట్రట్ (స్ప్రింగు కూర్చునే ముందు షాక్ అబ్జార్బర్‌నే అలా అంటారు) దొరకడమే గగనం. అలాంటి టైంలో ఈయన, ‘అన్నా, ర్యాలీ టీమ్ కోసం తెప్పించినవి, ఒక్క జతే మిగిలింది, మీరు కాబట్టి ఇస్తున్నా’ అని వాయిస్ మెసేజ్ పెట్టాడు. సీడియాలు కారు రేసు ర్యాలీల్లో దుమ్ము రేపిన బండ్లే కదా, నమ్మాను. జత 16 వేలు, మొత్తం ముందే. బిల్లు అడిగితే ‘మన మధ్య బిల్లేందన్నా’ అన్నాడు. ఆహా, ఎంత ఆప్యాయత!

పార్సిల్ వచ్చింది. అట్టపెట్టె, థర్మాకోల్, పైన ప్లాస్టిక్ కవరు. నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఫొటో తీసి స్టేటస్ కూడా పెట్టిన మేధావిని నేను.

షెడ్డులో బండి జాకీల మీదికెక్కింది. పాతవి ఊడదీసి, స్ప్రింగుల్ని నొక్కిపట్టే కంప్రెసర్ బిగించి, మేస్త్రి కొత్త స్ట్రట్ చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలితో గొట్టం మీద నిమిరి ఒక చోట ఆగాడు. ఏం మాట్లాడలేదు. బనియన్ గుడ్డ పెట్రోల్లో ముంచి అక్కడ రుద్దాడు. గుడ్డంతా నలుపు. కింద కందిగింజంత వెల్డింగ్ బొట్టు బయటపడింది. పాత స్ట్రట్‌కి కన్నం వేసి, ఆయిల్ నింపి, వెల్డింగుతో పూడ్చి, పైన రంగేశారన్నమాట. తర్వాత రాడ్‌ని లోపలికి నొక్కాడు. గ్యాస్ స్ట్రట్ అయితే వదిలేశాక నిదానంగా తనే పైకి లేవాలి. ఇది లోపలికి పోయి అక్కడే పడుకుంది. రాడ్ మీద క్రోమ్ పొక్కి తుప్పు చుక్కలు. అవి సీలుని ఎన్నాళ్లు బతకనిస్తాయి?

‘ఇది కొత్తదని ఎవురు చెప్పారబ్బయా నీకు?’ అన్నాడు మేస్త్రి.

అయిపోలేదు. రెండోది తీశాం. రెండూ ఎడం వైపువే! బ్రేక్ గొట్టం పట్టుకునే క్లిప్పు రెండింటికీ ఒకే పక్కన ఉంది. అంటే ఎవడి బండి నుంచో ఊడదీసిన ఒకటి, ఇంకెవడి బండి నుంచో ఊడదీసిన ఇంకొకటి, రెండూ కలిపి నాకు ‘జత’.

అక్కడే స్పీకర్ ఆన్ చేసి ఫోన్ కొట్టా. మొదట, ‘రెండోదాని క్లిప్పు కొంచెం వంచి బిగించుకోండి సార్, ఏం కాదు’ అన్నాడు. డబ్బులు పడే దాకా అన్నా, పడ్డాక సార్. బ్రేక్ గొట్టం సార్ అది, టైరుకి రాసుకుంటే ఏమవుతుందో చిన్నపిల్లోడికి కూడా తెలుసు! వెల్డింగ్ సంగతి అడిగా. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు మహానుభావుడు.

‘మీ బండే కొత్తది కానప్పుడు దానికి కొత్త స్ట్రట్లెందుకు సార్?’

వెనక ఎవరో ఇద్దరు ముగ్గురు పగలబడి నవ్వుతున్నారు. నేను నోరు తెరిచేలోపు, ‘పోనీ బండి తుక్కుకి వేసెయ్యండి, మంచి రేటు నేనే ఇస్తా’ అని పెట్టేశాడు. షెడ్డులో కుర్రాళ్లు తల వంచుకుని పానాలు సర్దుకుంటున్నారు, నా మొహం చూడలేక. 16 వేలు పోయినా ఇంత మండేది కాదు, ఆ నవ్వు మాత్రం ఇంకా చెవుల్లోనే ఉంది. మళ్లీ చేస్తే నంబర్ బ్లాక్. చాట్‌లో తన మెసేజ్‌లన్నీ డిలీట్ కొట్టాడు. వాయిస్ మెసేజ్ మాత్రం నేను అంతకుముందే మా బావకి ఫార్వర్డ్ చేసి ఉన్నా, ఆ సంగతి పాపం ఆయనకి తెలీదు.

రీకండిషన్ సరుకు, అంటే పాతదాన్ని బాగుచేసింది, అమ్ముకోవడం తప్పని నేననను. రీకండిషనని చెప్పి, ఆ రేటుకి అమ్ము, ఇష్టమున్నోడు కొంటాడు. కొత్తదని అమ్మడం వేరు. ఈ బండికి ముందు చక్రాన్ని పైనుంచి పట్టుకునే ఆర్మ్ ఉండదు, చక్రాన్ని నిలబెట్టేదే ఆ స్ట్రట్. ఆ వెల్డింగ్ బొట్టు చిట్లి, హైవే మీద ఆయిలంతా కారిపోయాక ఒక పక్క సస్పెన్షన్ చచ్చిన బండిని ఒక్కసారి గట్టిగా తిప్పాల్సొస్తే? పిల్లలు వెనక సీట్లో ఉంటారు కదయ్యా!

ప్రస్తుతానికి కారిపోయే పాతవే తిరిగి బిగించి, నలభైలో నడుపుకుంటూ ఇంటికొచ్చా. విప్పినందుకు, బిగించినందుకు లేబర్ అదనం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లైంట్ పెట్టా, ఇక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పోతా. యూపీఐ రసీదు, పార్సిల్ మీది చీటీ, ఆ వాయిస్ మెసేజ్ దాచి ఉంచా. ఇంకెవరైనా ఆయన చేతిలో మోసపోయి ఉంటే చెప్పండి, కలిసి పెడదాం.

కొనేవాళ్లకి రెండు ముక్కలు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. బిగించకముందే రాడ్ నొక్కి చూడండి, పెట్రోల్ గుడ్డతో ఒక్కసారి తుడవండి, కుడి ఎడమలు సరిచూసుకోండి. బిల్లు ఇవ్వనన్నాడంటే ఎంత తీయగా మాట్లాడినా వద్దు. మార్చాక వీల్ అలైన్‌మెంట్ ఎలాగూ చేయించాలి, ఆ ఖర్చు కూడా లెక్కేసుకోండి.

చెన్నై పుదుపేటలో గానీ, విజయవాడ ఆటోనగర్‌లో గానీ బిల్లుతో నిజంగా కొత్తవి ఇచ్చేవాళ్లు తెలిస్తే కింద రాయండి. నాకు కుడిది, ఎడమది రెండూ కావాలి. మళ్లీ చెప్తున్నా, కుడిది ఒకటి, ఎడమది ఒకటి.