మాటిమాటికీ గొంతు నొప్పి: ఆవిరా, ఉప్పునీళ్లా, మాత్రలా?

పొద్దున లేవగానే గొంతు గరగర, కాస్త ఖాకరిస్తే చిక్కటి కళ్లె, మధ్యాహ్నానికి కొంత నయం, రాత్రి నడుము వాల్చగానే మళ్లీ దగ్గు. ఈ వరస వారాల తరబడి సాగుతుంటే ముందు అనుమానించాల్సింది ముక్కును. సైనస్‌లలో ఊరిన చీమిడి ముక్కు వెనక నుంచి జారుతూ గొంతును రేపుతుంది. పైగా ముక్కు బిగిసి నోటితో గాలి పీల్చడంతో తెల్లారేసరికి గొంతు ఎండిపోతుంది.

మన ఇళ్లలో మొదట చేసేది ఆవిరి పట్టడం. వేడినీళ్లలో పసుపో, జిందా తిలిస్మాత్ చుక్కలో వేసి దుప్పటి కప్పుకుంటే ప్రాణం లేచొస్తుంది. అయితే ఆ హాయి ఎంతోసేపు ఉండదు. తరచూ సైనస్‌తో బాధపడేవారిపై బ్రిటన్‌లో జరిగిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. అందులో ఆవిరి వల్ల తలనొప్పి కాస్త తగ్గిందే తప్ప మిగతా బాధలు తగ్గలేదు. ముక్కు కడుక్కున్నవారికి కొంత మేలు జరిగింది. పిల్లలున్న ఇంట్లో మరిగే గిన్నె ప్రమాదం కూడా.

పుక్కిలిస్తే గొంతుకు ఉపశమనమే కానీ, పైనుంచి కారేది ఆగదు.

అందుకే నా ఓటు జలనేతికి, అంటే ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కోవడానికి. పావు లీటరు నీళ్లు మరగకాచి, గోరువెచ్చగా చల్లారాక అర టీస్పూను అయోడిన్ లేని ఉప్పు, చిటికెడు వంటసోడా కలపాలి. సింకు మీదికి వంగి, తల పక్కకు తిప్పి, నోటితో ఊపిరి తీస్తూ పై రంధ్రంలో పోస్తే కింది రంధ్రం నుంచి ధారగా వచ్చేస్తుంది. మండిందంటే ఉప్పు పాళ్లు కుదరలేదన్నమాట. కుళాయి నీళ్లు, బావి నీళ్లు కాచకుండా వాడొద్దు. కేరళలో ప్రాణాలు తీసిన అమీబా మెదడుకు చేరేది ముక్కు దారినే.

ముక్కు దిబ్బడకు వేసే చుక్కల మందు నిమిషాల్లో పనిచేస్తుంది. కానీ ఐదు రోజులు దాటితే అదే ముక్కును మరింత బిగిస్తుంది.

ఇక మందుల షాపులో అడిగి తెచ్చుకునే మూడు మాత్రల అజిత్రోమైసిన్! గొంతు నొప్పుల్లో ఎక్కువ భాగం వైరస్‌లవే, వాటిపై యాంటీబయాటిక్ పనిచేయదు. మాత్రలతో తగ్గిందనుకునేది చాలాసార్లు దానంతటదే తగ్గేదే. దగ్గు లేకుండా జ్వరం, టాన్సిల్స్ మీద చీము, మెడ బిళ్లల వాపు ఉంటే, లేదా సైనస్ బాధ పది రోజులు దాటినా, తగ్గినట్టే తగ్గి తిరగబెట్టినా డాక్టరును కలవాలి. మాత్రలు అవసరమో కాదో ఆయన చూసి చెబుతారు.