ఎనభయ్యో నిమిషంలో కాళ్ళు

పెస్ 2021 అనే ఫుట్‌బాల్ వీడియో గేమ్ కొని నాలుగేళ్ళు దాటింది. గ్రాఫిక్స్ గురించీ, ఎన్ని జట్లు, ఎన్ని స్టేడియాలనే లెక్కల గురించీ చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ జోలికి నేను పోను. నేను మెచ్చింది ఒక్కటే. ఈ ఆటలో మనుషులకు ఆయాసం వస్తుంది.

చేతిలోని ప్యాడ్ మీద పరుగు బటన్ ఆర్1 అదిమిపట్టి పరిగెత్తించేకొద్దీ ఆటగాడి స్టామినా గీత కరిగిపోతుంది. అలుపు కంటికి కనబడేలా చేశామని 2019 పెస్‌లోనే గొప్పగా చెప్పుకున్నారు, అది అక్కడి నుంచి వచ్చిందే. కానీ గీతను చూసి నేను మురిసిపోలేదు. 75 నిమిషాలు దాటాక పదిగజాల పాస్ ఆరు గజాలకే చచ్చిపోతుంది చూడండి, అక్కడ పడిపోయాను.

ఎందుకంటే ఆ పాస్ నేను ఇచ్చినదే. కాలేజీ రోజుల్లో యూనివర్సిటీ గ్రౌండ్‌లో లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమ వైపు గోల్ కాపాడే డిఫెండర్‌గా ఆడేవాణ్ణి. ఏప్రిల్‌లో నాలుగు గంటలకు మ్యాచ్ పెడితే, మన తిరుపతిలో దాన్ని సాయంత్రం అనరు. ఒకసారి చివరి పది నిమిషాల్లో బంతి నా ముందు నుంచే పోతోంది, నేను చూస్తూ నిలబడ్డాను. కాళ్ళకు చెప్తున్నాను, కాళ్ళు వినడం లేదు. అవతలి వింగర్ నింపాదిగా పోయి గోల్ కొట్టాడు. గట్టు మీద కూర్చున్నవాళ్ళు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తర్వాత మోకాలు పోయింది, ఆట పోయింది, ఆ పది నిమిషాలు మాత్రం పోలేదు.

అవే పది నిమిషాలు కొర్లగుంటలో మా ఇంటి టీవీలో కనబడ్డాయి. మా అక్క కొడుకు అప్పుడు తొమ్మిదో తరగతి. వాడికి జర్మనీ జట్టు బేయర్న్ మ్యూనిక్ అంటే పిచ్చి, అందులోనూ అల్ఫోన్సో డేవీస్. ఈ గేమ్ అట్ట మీద మెస్సీ, రొనాల్డో, రాష్‌ఫోర్డ్ పక్కన బొమ్మ ఉన్న కుర్రాడే. బంతి వాడి కాలికి తగిలిందంటే మావాడి వేలు ఆర్1 మీద నుంచి లేచేది కాదు. మొదటి సగంలో రెండు గోల్స్ తిన్నాను. నోరు మూసుకుని బంతిని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాను. అరవై దాటాక ఇద్దరు కొత్తవాళ్ళను దించి, ఇద్దరినీ డేవీస్ వైపే తోలాను. 80వ నిమిషంలో డేవీస్ ముందుకు పోయినవాడు వెనక్కి రాలేకపోయాడు. రెండు గోల్స్ అక్కడి నుంచే వచ్చాయి, మూడోది కూడా.

"వీడికేమైంది మామా, కదల్లేకుండా ఉండాడు?"

"అలిసిపోయినాడురా. నువ్వు గంటసేపు పరిగెత్తిస్తే ఏం చేస్తాడు, వాడూ మనిషే కదా."

ఆ రోజు నుంచి వాడు ఆర్1 మీద వేలు తీయడం నేర్చుకున్నాడు. నేను ఓడిపోవడం కూడా ఆ రోజు నుంచే మొదలైంది, అది వేరే కథ.

మిగతావన్నీ బాగానే ఉంటాయి. స్పెయిన్ ఆటగాడు ఇనియెస్టా సలహాతో 2020 పెస్‌లో పెట్టిన ఆ సన్నటి డ్రిబ్లింగ్ నా మొద్దు వేళ్ళకు ఇప్పటికీ రాలేదు. పీటర్ డ్రూరీ కామెంటరీ మొదటి ఏడాది వింటే ఒళ్ళు జలదరించింది, రెండో ఏడాదికి నోటికొచ్చేసింది. లైసెన్సు లేక మాంచెస్టర్ సిటీ 'మాంచెస్టర్ బి' అయింది. పెన్‌డ్రైవ్‌లో ఆప్షన్ ఫైల్ ఎక్కించుకుంటే పేరూ జెర్సీ సరైపోతాయి, ఓ ఆదివారం పొద్దున పని.

ఇంక అసలు సంగతి. మూడో ఏడు వచ్చేసరికి నా ఆటగాళ్ళు అలిసిపోయే తీరు ఇంకా సహజంగా మారింది. చివర్లో పరిగెత్తేవాడు కొద్దికొద్దిగా ఎడమకు ఒరిగిపోయేవాడు. బంతి లేనివాడు ఊరికే నాలుగు అడుగులు పక్కకు వేసేవాడు. నేరుగా ఇచ్చిన పాస్ చెయ్యి జారినట్టు పక్కకు పోయేది. అచ్చం నేనే! కనబడినవాడికల్లా చెప్పాను. ఆఫీసులో టీ తాగేటప్పుడు ఒకాయనకు అరగంట చెప్పాను. ఆయన క్రికెట్ తప్ప ఇంకేదీ చూడడు, పాపం, తలూపుతూ విన్నాడు.

ఒక రాత్రి ఆట మొదలుపెట్టి, ప్యాడ్ సోఫా మీద పెట్టి మంచినీళ్ళకు వెళ్ళాను. వచ్చి చూస్తే జట్టును ఎంచుకునే చోట గుర్తు దానంతట అదే ఎడమకు జరుగుతోంది. ఒక్కో జట్టూ దాటుకుంటూ, తీరిగ్గా. ఇంకా ఎవరూ పరిగెత్తనేలేదు. అలిసిపోయింది ఆటగాళ్ళు కాదు, నా చేతిలోని జాయ్‌స్టిక్.

ఎప్పుడో చెన్నైలో కొన్న పేరూ ఊరూ లేని రెండో ప్యాడ్ అది. మురుకులు తిన్న చేతులతోనే పట్టుకునేవాళ్ళం, తప్పు దాన్నీ అనలేను. సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడి దగ్గరకు పట్టుకెళితే విప్పి చూపించాడు. బొటనవేలితో తిప్పే ఆ పుల్ల కింద చిన్న పొటెన్షియోమీటర్లు రెండుంటాయి, పాత రేడియోలో వాల్యూమ్ తిప్పే దానిలాంటివే. లోపల పూత అరిగిపోతే పుల్ల నిటారుగా ఉన్నా పక్కకు వంచినట్టే కన్సోల్‌కు కబురు పోతుంది. "మొదటి నిమిషం నుంచీ ఇట్లే పోతా ఉంటాది సార్, మీరు గమనించలేదా?" అన్నాడు. లేదు. మొదటి నిమిషంలో ఎవరు అలుపు కోసం చూస్తారు? 350 తీసుకుని కొత్త పుల్ల వేసిచ్చాడు.

ఆ తర్వాత కన్సోల్‌తో పాటు వచ్చిన ప్యాడ్ పట్టుకుని పది మ్యాచ్‌లు జాగ్రత్తగా ఆడాను. అలుపు ఉంది. వేగం తగ్గుతుంది, పాస్ పొట్టిదవుతుంది, డేవీస్ కథ ముమ్మాటికీ నిజమే, వాడు ఆడింది మంచి ప్యాడ్‌తోనే. కానీ ఆ పక్కకు ఒరగడం, ఆ తూలుడు లేవు. నేను మెచ్చుకున్నదాంట్లో సగం ఆటది, సగం అరిగిన పుల్లది. ఇంకోటి కూడా చెప్పాలి. ఆటలో వానుంది, పగలూ రాత్రీ ఉన్నాయి, ఎండ మాత్రం నాకెప్పుడూ తగల్లేదు. ఏప్రిల్‌లో యూనివర్సిటీ గ్రౌండ్‌లో ఆడినవాడికి 80వ నిమిషం ముప్పయ్యో నిమిషంలోనే వచ్చేస్తుంది. అది ఈ ఆటకు తెలిసినట్టు లేదు.

ఇప్పుడు కొనొచ్చా అంటే, నా సంగతి వేరు. నాకు నలభై దగ్గరపడుతున్నాయి, ఆన్‌లైన్‌లో ఆడను, ఎవరు ఏ జట్టుకు మారారో పట్టదు. 2021 సెప్టెంబరులో ఈ వరుస పేరు మార్చుకుని ఉచిత ఆటైపోయింది, ఈ పాత ఆటే కావాలనుకునేవాళ్ళకు పాత డిస్క్ దొరకాలి. రోజుకో కొత్త ముఖం కావాలనుకునేవాళ్ళు నా మాట వినొద్దు. ఇంట్లో ఇద్దరుండి, పక్కపక్కన కూర్చుని ఆడేవాళ్ళయితే, ఒకప్పుడు కాస్తో కూస్తో గ్రౌండ్‌లో పరిగెత్తినవాళ్ళయితే, చూడండి. ప్యాడ్ మాత్రం మంచిది పెట్టుకోండి.

మేనల్లుడు ఇప్పుడు చెన్నైలో ఇంజనీరింగ్. మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు కూర్చున్నాం. రిపేరు చేయించిన ప్యాడ్ మళ్ళీ కొంచెం ఎడమకు లాగుతోంది, దాన్ని వాడి చేతికిచ్చాను. చివర్లో వాడి బ్యాక్ పక్కకు తూలుతుంటే నా వైపు తిరిగి, "చూడు మామా, అలిసిపోయినాడు" అన్నాడు. నేనేమీ అనలేదు. 3-1 తో గెలిచాను.