ఏడు జిన్‌లు, మూడు టానిక్‌లు, ఓ నిమ్మతొక్క

"ఇది సెంటు కలిపిన వోడ్కా కదా బావా" అన్నాడు మా బావమరిది, మొదటి గుక్క తాగి గ్లాసు అవతలకి జరిపేస్తూ. వాడు విస్కీ మనిషి. నిజం చెప్పాలంటే వాడన్నది మరీ తప్పేం కాదు. రుచీ వాసనా లేని స్పిరిట్‌కి జునిపర్ అనే సూదాకుల చెట్టు కాయలు, ధనియాలు, ఏవో వేళ్లు, తొక్కలు పట్టించి మళ్లీ కాస్తే జిన్ అవుతుంది. జునిపర్ ముందు వరసలో ఉండాలన్నది అసలు రూలు, మిగతాదంతా కాచేవాడి ఇష్టం. ఆ ఇష్టం ఎంత దూరం పోతుందో వాడికి చూపించాలని మొదలుపెట్టిన పని నాలుగు వారాంతాలు పట్టింది. ఏడు సీసాలు, జిన్‌లో కలిపే టానిక్ (చేదుగా, తియ్యగా ఉండే సోడా) మూడు రకాలు, బుట్టెడు నిమ్మకాయలు.

పద్ధతి సింపుల్. ఒక సాయంత్రానికి రెండు సీసాలే. ముందు 15 మి.లీ. ఉత్తది, ఐసు లేకుండా. తర్వాత దాంట్లోనే అంతే నీళ్లు. ఆ తర్వాతే టానిక్, ఒకటికి రెండు పాళ్లు, ఇంకా ఘాటనిపిస్తే మూడు. గార్నిష్, అంటే గ్లాసులో పైనుంచి వేసే తొక్కో ముక్కో, అన్నిటికంటే చివర. ఈ వరస ఎందుకంటే మనలో చాలామంది గ్లాసులో నిమ్మచెక్క పిండేశాక జిన్ రుచి చూస్తాం, అప్పుడు తెలిసేది నిమ్మకాయ రుచే.

మొదటి వారం మాత్రం మొత్తం వృథా. లీటరు టానిక్ సీసా కొన్నాను, చవగ్గా వస్తుందని. శనివారం బాగానే ఉంది, ఆదివారం అదే సీసాతో కలిపితే జిన్ చప్పగా, జిగటగా, పంచదార నీళ్లలా ఉంది. పాపం ఆ జిన్‌ని అరగంట తిట్టుకున్నాక మూత తిప్పితే బుస్సుమనలేదని గుర్తొచ్చింది. గ్యాస్ పోయిన టానిక్ ముందు ఎంత ఖరీదైన జిన్ అయినా దండగే. అప్పట్నుంచి చిన్న సీసాలే, అది కూడా ఫ్రిజ్‌లోంచి తీసి అప్పటికప్పుడు.

ముందు టాంకరే. ఆకుపచ్చ సీసా, అందరికీ తెలిసిందే. నా సీసా మీద 43.1 శాతం అని ఉంది, 47.3 శాతంది కూడా దొరుకుతుంది, అది దొరికితే అదే తీసుకోండి. దీంట్లో పడేవి నాలుగే: జునిపర్, ధనియాలు, ఏంజెలికా వేరు, అతిమధురం. అంతే. ఉత్తగా ముక్కు దగ్గర పెడితే దేవదారు చెక్క చిత్రిక పడుతున్న వడ్రంగి పక్కన నిలబడ్డట్టు ఉంటుంది. నీళ్లు పోశాక కొంచెం నిమ్మ వాసన వస్తుంది. ఇక్కడే నాకు ఆశ్చర్యం వేసింది, ఎందుకంటే ఆ నాలుగింటిలో నిమ్మజాతిది ఒక్కటీ లేదు. ఆ వాసన ధనియాలది. ధనియాల్లో ఉండే లినలూల్ అనే నూనె చేసే మాయ అది; నమ్మకపోతే నాలుగు గింజలు వేళ్ల మధ్య నలిపి వాసన చూడండి.

అంటే నిమ్మ వాసన ఛాయగా ఉంది గానీ అసలు నిమ్మ లేదు. అందుకే దీంట్లో లైమ్ ముక్క పిండితే అంత బాగా కుదురుతుంది. తెలుగులో లైమ్‌నీ లెమన్‌నీ కలిపి నిమ్మకాయ అనేస్తాం కానీ జిన్ దగ్గర తేడా చూసుకోవాలి. చిన్న పచ్చకాయ పదునుగా, కాస్త చేదుగా ఉంటుంది, పెద్ద పసుపుకాయ మెత్తగా, తియ్యటి వాసనతో ఉంటుంది. టాంకరేకి పచ్చదే. టానిక్ మామూలుది, లేబుల్ మీద ఇండియన్ టానిక్ అని రాసి ఉండేది. పువ్వులూ మూలికలూ కలిపిన టానిక్‌లు దీని మీద పోయకండి, రెండూ గొడవపడతాయి.

రెండోది బీఫీటర్. ఇది నిజంగానే లండన్‌లో తయారవుతుంది. ఈ మాట ఎందుకంటున్నానంటే, జిన్ సీసా మీద లండన్ డ్రై అని రాసి ఉంటే లండన్‌లో చేశారని కాదు, అది పద్ధతి పేరు. దినుసులన్నీ కాచేటప్పుడే వేయాలి, ఆ తర్వాత రుచులు కలపకూడదు, తీపి దాదాపు ఉండకూడదు. టాంకరే లండన్‌లో పుట్టి ఇప్పుడు స్కాట్లాండ్‌లో తయారవుతోంది, అయినా లండన్ డ్రైయే. బీఫీటర్‌లో తొమ్మిది దినుసులు, వాటిలో నిమ్మతొక్క, చేదు నారింజతొక్క రెండూ ఉన్నాయి, కాచే ముందు 24 గంటలు నానబెడతారు. ఆ నారింజ మొదటి గుక్కలోనే నాలుక పక్కల తగులుతుంది. దీనికి పచ్చ నిమ్మ పిండితే నారింజ చచ్చిపోయింది. సన్నగా గీసిన నారింజతొక్క ఒకటి వేస్తే చాలు. రోజువారీ సీసాగా దీనికి వంక పెట్టడానికేం లేదు, కానీ దీని గురించి రాత్రంతా మాట్లాడుకోవడానికి కూడా ఏం లేదు.

తొక్క అంటే ముక్క కాదు, ఇది ముఖ్యం. కూరగాయల పీలర్‌తో పైపొర మాత్రమే గీయాలి, తెల్లటి పీచు వస్తే చేదు దిగుతుంది. గీసిన తొక్కని, రంగు ఉన్న వైపు గ్లాసుకి ఉండేట్టు పట్టుకుని, అంచులు రెండు వేళ్లతో నొక్కండి. లైటుకి అడ్డంగా పట్టుకుంటే సన్నటి తుంపర ఎగరడం కనిపిస్తుంది. తర్వాత వంగి చూస్తే డ్రింక్ మీద నూనె పొర, రోడ్డు మీద వాన నీళ్లలో పెట్రోలు పడితే రంగులు తిరుగుతుంటాయే, అలా. ఆ పొర వాసనే ప్రతి గుక్కలో ముందు ముక్కుకి వస్తుంది, రసం చుక్క కూడా పడకుండా. మా బావమరిది జిన్ విషయంలో మొదటిసారి నోరు మూసుకుంది అప్పుడే.

బాంబే సఫైర్ గురించి తొందరగా చెప్పేస్తాను. పది దినుసులు, స్పిరిట్‌లో నానబెట్టరు. చిల్లుల రాగి బుట్టల్లో పెట్టి వాటి గుండా ఆవిరి పంపిస్తారు. జలుబు చేసినవాడికి ఆవిరి పట్టినట్టన్నమాట. అందుకే తేలిగ్గా ఉంటుంది, జునిపర్ కూడా గట్టిగా అరవదు. చలవమిరియాలు, గ్రెయిన్స్ ఆఫ్ ప్యారడైజ్ అనే ఆఫ్రికా మిరియం వల్ల చివర్లో చిన్న కారం. పసుపు నిమ్మతొక్క వేసి, రెండు మిరియాలు చితక్కొట్టి పడేస్తే ఆ కారం పైకొస్తుంది. టానిక్ మూడు పాళ్లు పోస్తే మాత్రం జిన్ ఎక్కడికి పోయిందో వెతుక్కోవాలి. రెండు పాళ్లు దాటకండి.

హెండ్రిక్స్ దగ్గర నా లెక్క తప్పింది. అప్పటికి నాకో సిద్ధాంతం తయారైంది: సీసాలో లేనిదేదో అదే గార్నిష్‌గా వేయాలి. ఇదేమో పదకొండు దినుసులతో కాచి, ఆ తర్వాత కీరదోస, గులాబీ సారాలు విడిగా కలుపుతారు. కాచాక కలుపుతారు కాబట్టే లండన్ డ్రై అనరు. సీసాలో కీరా ఉంది కదా, మళ్లీ కీరా ఎందుకు అని నిమ్మ వేశాను, నారింజ వేశాను. రెండుసార్లూ సబ్బు నీళ్ల వాసనే. చివరికి ఓడిపోయి, కీరాని పొడుగ్గా రిబ్బన్‌లా గీసి గ్లాసు గోడకి అంటించి ఐసు వేస్తే, అప్పుడు కుదిరింది. ఎందుకో ఆలోచిస్తే, టానిక్ తీపికి సీసాలోని కీరా అణిగిపోతోంది, బయటి ముక్క దాన్ని మళ్లీ లేపుతోంది. టానిక్ మామూలుదైనా బాగుంది, ఎల్డర్‌ఫ్లవర్ అనే పువ్వు రుచి కలిపిన టానిక్ పోస్తే మా ఆవిడకి ఇంకా నచ్చింది, నాకు అత్తరు షాపులో కూర్చున్నట్టనిపించింది. గులాబీ వాసన గిట్టనివాళ్లు ఈ సీసా జోలికి పోకండి, ఏం చేసినా అది వదలదు.

అసలు టానిక్ సంగతి. టానిక్ అంటే మనకి చిన్నప్పుడు బలానికి తాగించిన సిరప్పు గుర్తొస్తుంది, ఇది కూడా మందుగానే పుట్టింది. సింకోనా చెట్టు బెరడు నుంచి తీసే క్వినైన్ మలేరియాకి మందు, ఆ చేదు మింగలేక చక్కెర, సోడా కలుపుకునేవారు, జిన్ కూడా. ఇప్పటి టానిక్‌లో క్వినైన్ నామమాత్రం, అమెరికాలోనైతే లీటరుకి సుమారు 83 మి.గ్రా. దాటకూడదని రూలు. కాబట్టి దోమలకి విరుగుడని చెప్పుకుని రెండో గ్లాసు పోసుకోకండి. అయితే ఆ కొంచెం క్వినైన్‌కే అల్ట్రావయొలెట్ లైటు కింద టానిక్ నీలంగా మెరుస్తుంది, నోట్లు పరీక్షించే చిన్న టార్చి ఉంటే చూడండి, పిల్లల్లా గంటసేపు అదే పనిలో ఉన్నాం. అందరూ మర్చిపోయే సంగతి చక్కెర. పూర్తి చక్కెరతో చేసే టానిక్‌లు కోలా కంటే తీపిలో కొంచెమే తక్కువ, చేదు వల్ల మనకి తెలియదు. జిన్ రుచి తెలియాలంటే తీపి తక్కువదే కొనండి, లేబుల్ తిప్పి చూడటానికి పది సెకన్లు కూడా పట్టదు.

ఐదో సీసా పేరు "జిన్ మారే", స్పెయిన్‌ది. అర్బెకీనా అనే రకం ఆలివ్‌లు, రోజ్‌మేరీ, థైమ్, బేసిల్ వేస్తారు. ఉత్తగా తాగితే దాదాపు ఉప్పగా, ఆకు నలిపిన వాసనతో అద్భుతంగా ఉంది, నీళ్లు పోశాక ఇంకా బాగుంది. దీనికి మూలికలు కలిపిన మెడిటరేనియన్ టానిక్, రోజ్‌మేరీ కొమ్మ అని ఎక్కడ చూసినా అదే సలహా. నేను తెచ్చిన ఫీవర్‌ట్రీ మెడిటరేనియన్‌లో కూడా రోజ్‌మేరీ, లెమన్ థైమ్ ఉన్నాయి. అంటే జిన్‌లో రోజ్‌మేరీ, టానిక్‌లో రోజ్‌మేరీ, పైన మళ్లీ రోజ్‌మేరీ కొమ్మ. తాగితే సూపు తాగినట్టుంది, వేడి ఒక్కటే తక్కువ. కొమ్మ తీసేసి నారింజతొక్క వేస్తే ఊపిరాడింది. టానిక్ కూడా మామూలుదానికి మార్చాక నాకు ఈ వారాల్లో దొరికిన రెండో ఉత్తమ గ్లాసు అదే. మెడిటరేనియన్ టానిక్‌ని తీసుకెళ్లి బీఫీటర్ మీద పోయండి, అక్కడ దాని అవసరం ఉంది.

ఉత్తమ గ్లాసుల్లో మొదటిది రోకుది. జపాన్ జిన్, రోకు అంటే ఆరు, సీసాకి కూడా ఆరు పలకలు. సకురా పువ్వు, సకురా ఆకు, యూజు తొక్క, సెంచా, గ్యోకురో అని రెండు గ్రీన్ టీలు, సాన్షో మిరియం, ఇవి ఆ ఆరు. మామూలు జిన్ దినుసులు వేరే ఉంటాయి. మొదట యూజు, అది కమలాకి నిమ్మకి మధ్యలో ఎక్కడో ఉంటుంది, తర్వాత టీ వగరు, చివర్లో సాన్షో వల్ల నాలుక కొస సన్నగా జివ్వుమంటుంది. కంపెనీవాళ్లు అల్లం వేసుకోమంటారు. నేను నమ్మలేదు, కషాయం చేస్తున్నామా అనుకున్నాను. కానీ అగ్గిపుల్లంత సన్నగా తరిగిన అల్లం ఐదారు పుల్లలు వేసి, మామూలు టానిక్ రెండున్నర పాళ్లు పోసి చూడండి. అల్లం కారం, సాన్షో జివ్వుమనడం ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, టీ వగరు వెనక నిలబడుతుంది, టానిక్ తీపి ఎక్కడా బయటపడదు. బావమరిది గ్లాసు ఈసారి అవతలకి జరపలేదు. ఒకటే జాగ్రత్త, అల్లం పదిహేను నిమిషాలు దాటి ఉంటే గ్లాసంతా అల్లమే, తీసేయాలి.

చివరిది మంకీ 47. జర్మనీ బ్లాక్ ఫారెస్ట్‌ది, 47 దినుసులు, 47 శాతం ఆల్కహాలు, అర లీటరు సీసా. ఆ అడవిలో కాసే లింగన్‌బెర్రీ పులుపు ఒకటి తెలుస్తుంది, మిగతా నలభై ఆరు లెక్కపెట్టడం నా వల్ల కాలేదు. గుక్కగుక్కకి మారుతుంది, ఓసారి మిరియం, ఓసారి పువ్వులు, ఓసారి తడిసిన చెక్క. మూడు టానిక్‌లూ పోసి చూశాను, ప్రతిసారీ మంచిదాన్ని పాడుచేశాననే అనిపించింది. ఇన్ని ఉన్నదానికి మనం పైనుంచి వేసేదేముంటుంది. అంత డబ్బు పెట్టి కొని టానిక్‌లో ముంచేట్టయితే టాంకరే చాలు.

ఐసు గురించి రెండు ముక్కలు. గ్లాసు నిండా వేయాలి, భయపడి మూడు ముక్కలు వేస్తేనే తొందరగా కరిగి నీళ్లవుతుంది. ముందు ఐసు, తర్వాత జిన్, తర్వాత గ్లాసు వంచి పక్కనుంచి టానిక్. స్పూనుతో గిలక్కొట్టకండి, గ్యాసంతా పోతుంది, అడుగునుంచి ఒక్కసారి పైకి లేపితే చాలు. ఈ మధ్య ఒక బార్‌లో నాకిచ్చిన గ్లాసులో స్ట్రాబెర్రీ, దాల్చినచెక్క, అనాసపువ్వు, ఏదో ఎండిన పువ్వు, రెండు రకాల నిమ్మచక్రాలు తేలుతున్నాయి, పెళ్లి మండపంలా ఉంది. ఏ జిన్ పోశారని అడిగితే, వడ్డించినతను లోపలికెళ్లి కనుక్కుని రావాల్సి వచ్చింది.

ఇప్పుడు ముందు ఖాళీ అయింది టాంకరే, మళ్లీ కొనబోయేది అదీ, రోకు. హెండ్రిక్స్ మా ఆవిడ తన వైపు అల్మరాలో పెట్టేసుకుంది. మంకీ మాత్రం బావమరిది పట్టుకెళ్లాడు. ఒక్క ఐసు ముక్క వేసుకుని, విస్కీలాగే చప్పరిస్తున్నాడట, ఫోన్ చేసి చెప్పాడు. సెంటు మాట ఎత్తలేదు, నేనూ గుర్తుచేయలేదు.